వాగును బాగుచెయ్యాలంటే రోడ్డు మీద మొదలుపెట్టాలి

1973 జూన్‌లో అమెరికా ప్రభుత్వం ఒక చిన్న చేపను అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది. ఈనాడు అందరూ చెప్పుకునే అంతరించే జీవుల రక్షణ చట్టం అప్పటికి ఇంకా రాలేదు, అది అదే ఏడాది డిసెంబరులో వచ్చింది. ఆ చేప పేరు ఒకలూసా డార్టర్. నిండా పెరిగినా రెండంగుళాలు దాటదు. ఫ్లోరిడా రాష్ట్రం వాయవ్య మూలన ఒకలూసా, వాల్టన్ జిల్లాల్లో చోక్టహాచీ ఉప్పునీటి ఖాతంలోకి దిగే అరడజను చిన్న వాగుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా బతకదు. ఆ వాగుల పరివాహక ప్రాంతంలో అత్యధిక భాగం ఎగ్లిన్ వైమానిక స్థావరం కంచె లోపల ఉంది. సుమారు 4 లక్షల 60 వేల ఎకరాల ఆ నేల మీద అమెరికా వైమానిక దళం దశాబ్దాలుగా బాంబులు, క్షిపణులు పరీక్షిస్తోంది. అలాంటి చోట బతికే చేపను 2011లో తక్కువ ప్రమాద స్థాయికి దించారు, 2023లో జాబితా నుంచే తీసేశారు. దీన్ని రెండు రకాలుగా చెబుతుంటారు. సైన్యం కంచె వేసి ఊళ్లను రానివ్వకపోవడం వల్లే ప్రకృతి మిగిలిందని కొందరు, చట్టం మెడ మీద కత్తిలా ఉండబట్టే సైన్యం కదిలిందని మరికొందరు అంటారు. రెండింటిలోనూ నిజముంది. అసలు బాగుచేసింది ఏమిటి, ఎక్కడ అన్నది మాత్రం రెండు కథనాల్లోనూ జారిపోతుంది. సైనిక శిక్షణ భూముల్లో జరిగిన పనులను వరసపెట్టి చూస్తే చేప బతుకు చాలావరకు వాగు ఒడ్డుకు ఎగువన, రోడ్ల మీద, మట్టి గుంతల్లో, కల్వర్టుల దగ్గర తేలిందని అర్థమవుతుంది. వాగులో దిగి చేసే పని దాని తరవాతిది.

ఎగ్లిన్ వాగుల పుట్టుక తెలిస్తే ఈ మాట తేలిగ్గా బోధపడుతుంది. అక్కడి నేలంతా లోతైన ఇసుక. పడిన వాన పైన పారకుండా తిన్నగా కిందికి ఇంకిపోతుంది, కింద నీళ్లు దిగని బంకమట్టి పొర తగిలాక పక్కకు జరిగి లోయ గోడ అడుగున ఊటగా బయటికొస్తుంది. ఊట అడుగును తొలుస్తుంటే పైనున్న ఇసుక గోడ కూలుతుంది, వాగు తల మరికాస్త వెనక్కి జరుగుతుంది. ఇలా వాగు కింది నుంచి పైకి పెరుగుతుంది. నిటారు గోడల నడుమ మొదలయ్యే ఈ వాగుల్లో ఏడాది పొడుగునా నీటిమట్టం, చల్లదనం పెద్దగా మారవు. వరదలు అరుదు. డార్టర్ ఈ నిలకడకు అలవాటుపడిన చేప. నడివాగులో తెల్లగా పరుచుకున్న ఒట్టి ఇసుక దానికి అక్కరలేదు. ఒడ్డు వెంబడి నీళ్లలోకి వేలాడే వేళ్ల జడల్లో, నాచులో, పడిపోయిన కొమ్మల సందుల్లో అది తిరుగుతుంది, గుడ్లు కూడా వాటికే అంటిస్తుంది. అంటే ఆ చేప ఇల్లు ఒడ్డు వెంట మూరెడు వెడల్పు పట్టీ అంతే. నీళ్లు ఎన్ని ఉన్నా ఆ పట్టీ మీద ఇసుక మేట వేస్తే ఇల్లు పోయినట్టే.

మేట ఎక్కడి నుంచి వస్తుంది? బాంబు పడిన గుంత నుంచి కొంత రావచ్చు. కానీ ఎగ్లిన్‌లో ప్రధానంగా వచ్చింది మామూలు పనుల వల్ల. స్థావరమంతా వేలాది మట్టిరోడ్లు. వాటికి గట్టి మట్టి కావాలి, అది దొరికేది వాగు తలల దగ్గర, బంకమట్టి పైకి తేలిన చోట. అక్కడ తవ్వి రోడ్లకు పోశారు, గుంతలు అలాగే వదిలేశారు. ఇసుక నేలలో వాన ఇంకిపోయేది, గట్టిపడిన రోడ్డు మీద ఇంకదు. పారుతుంది, వాలు దొరికినచోట రోడ్డు పక్కన కోత పెడుతుంది. ఆ కోత ఒక్కో వానకు లోతెక్కి చివరికి వాగులోకి దారి చేసుకుంటుంది. ఒక్క గట్టి వానకు దిగే ఇసుక ఒడ్డు వెంట వేళ్ల జడల్ని కప్పేస్తుంది. రోడ్డు వాగును దాటే చోట ఇంకో చిక్కు. కల్వర్టు గొట్టం వాగు అడుగు కంటే కాస్త ఎత్తులో పెడితే దాని కింది మూతి దగ్గర నీళ్లు జారిపడి గొయ్యి పెడతాయి. ఏటికేడు గొయ్యి లోతవుతుంది, గొట్టం మూతి గాలిలో వేలాడుతుంది. సాల్మన్ లాంటి చేప ఎగిరి దాటుతుందేమో గానీ రెండంగుళాల డార్టర్‌కు జానెడు జలపాతం కోటగోడతో సమానం. ఎగువ నున్న చేపలు ఎగువే, దిగువ నున్నవి దిగువే. ఎగువన ఏ ఏడాదైనా చేప చచ్చిపోతే దిగువ నుంచి వచ్చి ఆ ఖాళీ నింపే దారి ఉండదు.

అందుకే ఎగ్లిన్‌లో పని అటు నుంచి మొదలైంది. 1995 నుంచి దాదాపు పదేళ్లలో మూడు వందలకు పైగా కోత స్థలాలను, సుమారు 480 ఎకరాల మేర, పూడ్చి, చదును చేసి, గడ్డి, చెట్లు నాటారు. పాత మట్టి గుంతలు, వాడని రోడ్లు అందులో ఉన్నాయి. డార్టర్ వాగుల మీద నూట యాభైకి పైగా ఉన్న రోడ్డు దాటుళ్లలో మూడో వంతుకు మించి ఎత్తేశారు. మిగిలినవాటిలో కొన్ని చోట్ల గొట్టాలు తీసి వంతెనలు వేశారు. అన్నిటికంటే పెద్ద పని 2007లో మిల్ క్రీక్ మీద జరిగింది. ఆ వాగు స్థావరం గోల్ఫ్ మైదానం గుండా పోతుంది. ఆటకు అడ్డమని దాన్ని గొట్టాల్లోకి తోసి, మధ్య మధ్య చెరువులు కట్టారు. ఇసుక వాగును వాగుగా ఉండనివ్వకపోవడంలో క్షిపణి కంటే గోల్ఫ్ బంతి ముందుందన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. గొట్టాలు తవ్వి తీసి, చెరువుల గట్లు తెంచి, వాగుకు వంకరలున్న పాత దారి మళ్లీ చెక్కారు. చేపను ఎక్కడి నుంచో తెచ్చి వదలాల్సిన పని పడలేదు. పైన కింద మిగిలి ఉన్నవే దారి దొరికాక వచ్చి చేరాయి.

ఇది ఫ్లోరిడా ఇసుక గొడవే కదా, మిగతా చోట్ల సంగతేమిటి అని అడగవచ్చు. కాన్సాస్‌లోని ఫోర్ట్ రైలీ సైనిక స్థావరం ట్యాంకులు తిరిగే గడ్డిమైదానం, నేల పూర్తిగా వేరు. అక్కడ శిక్షణ ఎక్కువ జరిగే పరివాహకాలనూ తక్కువ జరిగే వాటినీ పోల్చిన అధ్యయనం 2003లో వెలువడింది. ట్యాంకులు తిరిగిన చోట నేల బోడిబారింది, స్థానిక గడ్డి తగ్గింది, ఆ కింది వాగుల్లో మెత్తని ఒండ్రు పెరిగింది. చేపల లెక్కలో తేడా సంఖ్యలో కంటే జాతుల్లో కనిపించింది. అడుగున రాళ్ల సందుల్లో పురుగులు ఏరుకుని తినే చేపలు తగ్గి, ఏది దొరికితే అది తిని ఎలాంటి నీళ్లలోనైనా బతికే చేపలు పెరిగాయి. పైపైన చూసేవాడికి వాగులో చేపలకు లోటు లేదు, తెలిసినవాడికి ఉండాల్సినవి లేవు. జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో పరిశోధకులు వాగు ఆరోగ్యాన్ని కొలవడానికి ఎంచుకున్న కొలమానమే ఇక్కడి వాదానికి సాక్ష్యం. పరివాహకంలో బోడినేల, మట్టిరోడ్లు ఎంత శాతం ఉన్నాయో లెక్కగట్టి, ఆ శాతానికీ వాగులో జరిగే మార్పులకూ ముడి చూశారు. ముడి గట్టిగానే ఉంది. ఇంకొక విషయం కూడా తేలింది: 1918లో సైన్యం రాకముందు అక్కడ సాగిన సేద్యం, ఆ తరవాతి పాత వాడకం వదిలిన గుర్తులు అర్ధ శతాబ్దం దాటాక కూడా కొన్ని వాగుల్లో కనిపిస్తున్నాయి. సైన్యం చేసిన పాపం ఎంత, అంతకు ముందరి రైతు చేసింది ఎంత అని విడదీయడం కష్టం. బాగుచేసేవాడికి మాత్రం ఇందులో హెచ్చరిక ఉంది. ఆ వాగుల్లో దుంగలు వేసి చూస్తే నీళ్లు నిదానించి పోషకాలను పట్టుకునే శక్తి పెరిగింది, అది మంచిదే. కానీ ఎగువన బోడి గుట్ట నుంచి ఇసుక దిగుతూనే ఉంటే ఈ ఏడాది వేసిన దుంగ కొన్నేళ్లకు ఇసుక కింద ఉంటుంది. వాగులో దుంగ వెయ్యడం ఫొటోకు బాగుంటుంది, రోడ్డు పక్కన కోత పూడ్చడం ఫొటోకు పనికిరాదు. నిధులు మొదటిదానివైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణమని అనుమానం.

కంచె వాదాన్ని ఇప్పుడు చూద్దాం. అమెరికా రక్షణ శాఖ చేతిలో రెండున్నర కోట్ల ఎకరాలకు పైగా భూమి ఉంది, ప్రమాదంలో ఉన్న జీవులు విస్తీర్ణం లెక్కన అక్కడ బాగా ఎక్కువ. చుట్టూ ఊళ్లు, మాల్‌లు, పొలాలు వచ్చిన చోట శిక్షణ భూమి పచ్చగా మిగలడం నిజమే. ఎగ్లిన్‌లో బాంబుల వల్ల లేచిన మంటలు కూడా పొడవాకు పైన్ అడవికి ఒక విధంగా మేలే చేశాయి. ఆ అడవికి అడపాదడపా నేలమంట కావాలి, లేకపోతే కింద ఇతర చెట్లు కమ్మేస్తాయి. కానీ కంచె ఒక్కటే చేపను కాపాడి ఉంటే 1973లో ఆ చేప జాబితాకు ఎక్కేదే కాదు. అప్పటికే కంచె వేసి ముప్పై ఏళ్లు దాటింది. కంచె చేసింది నష్టాన్ని ఒక హద్దులో ఆపడం, బాగుచేసే అవకాశాన్ని మిగల్చడం. ఒక విధంగా సైన్యానికి మిగతావాళ్లకు లేని సౌలభ్యం కూడా ఉంది. పరివాహకమంతా ఒకే యజమాని చేతిలో ఉంటే రోడ్డు ఎత్తేయడానికి నూరుమంది రైతుల్ని ఒప్పించక్కరలేదు, ఒక్క కమాండరు సంతకం చాలు. కానీ అదే కమాండరు రెండు మూడేళ్లకు బదిలీ అవుతాడు. అందుకే ఈ పనులు వ్యక్తుల మంచితనం మీద కాక రాతపూర్వక ప్రణాళిక మీద నిలబడాల్సి వస్తుంది.

ఆ ప్రణాళికకు మూలమైన చట్టం ఎగ్లిన్‌లోనే మొలిచింది. వేట, చేపల పట్టు అనుమతుల మీద రుసుము వసూలు చేసి ఆ డబ్బును అక్కడి వన్యప్రాణుల కోసమే ఖర్చుపెట్టుకోవడానికి 1949లో ఎగ్లిన్‌కు ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. ఆ ప్రాంతపు ప్రతినిధుల సభ సభ్యుడు రాబర్ట్ సైక్స్ దాన్ని దేశంలోని స్థావరాలన్నిటికీ విస్తరింపజేశాడు. 1960లో వచ్చిన సైక్స్ చట్టం అదే. 1997 సవరణతో సహజ వనరుల సమగ్ర ప్రణాళిక రాసుకోవడం స్థావరాలకు తప్పనిసరి అయింది. 2003 చివర్లో కాంగ్రెస్ ఇంకో మెలిక పెట్టింది. ఆ ప్రణాళిక జీవికి మేలు చేస్తుందని తేలితే ఆ భూమిని కీలక ఆవాసంగా ప్రకటించకుండా మినహాయించాలి. పర్యావరణవాదులు దీన్ని దొడ్డిదారి అన్నారు. వాళ్ల అనుమానం కొట్టేయదగ్గది కాదు, ప్రణాళిక కాగితం మీద బాగుండడం వేరు, రోడ్డు మీద కనిపించడం వేరు. అయితే మినహాయింపు కావాలంటే ముందు పని చూపించాలన్న షరతు స్థావరాల పర్యావరణ విభాగాలకు బడ్జెట్ అడిగే బలం ఇచ్చింది. ఇది నాకు లాభసాటి బేరంగానే కనిపిస్తుంది, ప్రణాళిక అమలును బయటివాళ్లు తనిఖీ చేసినంత కాలం.

శిక్షణకు అడ్డు తగులుతుందన్నది సైనికుల నుంచి వచ్చే అభ్యంతరం. యుద్ధంలో వాగు దాటేటప్పుడు కల్వర్టు చూసుకుని దాటరు కదా, ఎక్కడపడితే అక్కడ దాటడం నేర్పాలి కదా అంటారు. ఇందులో న్యాయం ఉంది. కానీ ఒకే చోట పదేపదే దాటే శిక్షణ దారులే ఎక్కువ నష్టం చేస్తాయి, వాటికి మందు ఉంది. దాటే చోట ఒడ్డు వాలును తగ్గించి, అడుగున గట్టి గుడ్డ పరిచి, దాని మీద రాళ్ల పొర వేసి చప్టా కడితే ట్యాంకు దిగబడదు, వాగు బురదబారదు. దిగబడిన ట్యాంకును లాగడానికి పోయే పూట కూడా మిగులుతుంది. ఎగ్లిన్ విషయంలో అసలు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. చేప జాబితాలో ఉన్నన్నాళ్లూ వాగు పక్కన ఏ కొత్త పని చేయాలన్నా వన్యప్రాణి శాఖతో సంప్రదింపులు తప్పనిసరి. జాబితా నుంచి తీసేశాక ఆ బరువు తగ్గింది. చేపను బాగుచేయడం శిక్షణకు దారి సులువు చేసుకోవడమే అయింది. ఒక రెండంగుళాల చేప కోసం ఇంత డబ్బా అనేవాళ్లకు కూడా ఇదే జవాబు. పైగా ఆ కోతలు చేప లేకపోయినా పూడ్చాల్సినవే, రోడ్డు నిలవాలంటే తప్పదు.

ఇంకో అభ్యంతరం లెక్కల మీద. ఒకప్పటి అంచనాల్లో డార్టర్లు పది వేలు దాటలేదు, ఇటీవలి అంచనా ఐదు లక్షలు దాటింది. ఇంత పెరుగుదల నమ్మదగ్గదేనా? మొదట్లో వలలతో పట్టి లెక్కపెట్టేవారు. వేళ్ల జడల్లో దాక్కునే చేప వలకు చిక్కదు. 1990ల నడుమ నుంచి గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీళ్లలో మొహం పెట్టి కళ్లతో చూసి లెక్కపెట్టడం మొదలైంది. కాబట్టి పెరుగుదలలో కొంత భాగం కళ్లు తెరవడం వల్ల వచ్చిందే. అదంతా చేప పుణ్యమనీ, శాఖ పుణ్యమనీ చెప్పేవాళ్ల మాట పూర్తిగా తీసుకోనక్కరలేదు. కానీ పద్ధతి మారాక కూడా, ఒకే పద్ధతిలో, బాగుచేసిన వాగుల్లో చేప తిరిగి రావడం మిల్ క్రీక్ వంటి చోట్ల కనిపించింది. అంతకుముందు గొట్టాలున్న చోట అది లేదు, గొట్టాలు తీశాక ఉంది. మొత్తం సంఖ్య కంటే నేను ఈ చిన్న సాక్ష్యాన్నే ఎక్కువ నమ్ముతాను.

ఈ వాదానికి హద్దు ఎక్కడో వాషింగ్టన్ రాష్ట్రంలోని లూయిస్-మెకోర్డ్ స్థావరం చూపిస్తుంది. మక్ క్రీక్ ఆ స్థావరం గుండా పారి నిస్క్వాలీ నదిలో కలుస్తుంది. చలికాలంలో చమ్ సాల్మన్ గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి అక్కడికి వస్తాయి. గులకరాళ్ల నేల మీద పారే ఈ వాగు కొన్ని చోట్ల వేసవిలో ఎండిపోతుంది. బయటి నుంచి వచ్చిన ఒక రకం రెల్లుగడ్డి దాన్ని పూర్తిగా కమ్మేస్తుంది, గులకరాళ్లు దాని వేళ్ల కింద మట్టిలో కూరుకుపోతాయి. గడ్డి పీకి, గులకరాళ్లు వేసి, నీడ కోసం చెట్లు నాటే పనిలో సైన్యం, నిస్క్వాలీ తెగ కలిసి పాల్గొన్నాయి. ఇక్కడ వాగులో దిగి చేసే పనే ముఖ్యం, రోడ్డు రెండోది. అంతకంటే పెద్ద తేడా చేప ప్రయాణంలో ఉంది. డార్టర్ జీవితమంతా కంచె లోపలే గడుస్తుంది. సాల్మన్ ఏళ్ల తరబడి సముద్రంలో ఉండి, నది పొడుగునా అందరి చేతులూ దాటుకుని వస్తుంది. కంచె లోపల వాగు ఎంత బాగున్నా దిగువన దారి మూసుకుంటే లాభం లేదు. సాల్మన్‌కు అడ్డుపడే కల్వర్టులు మార్చమని వాషింగ్టన్ రాష్ట్రాన్ని 2013లో ఫెడరల్ కోర్టు ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు నాలుగు-నాలుగుగా చీలడంతో ఆ ఆదేశమే నిలిచింది. ఆ దావా వేసింది తెగలు, వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం 1850ల నాటి ఒప్పందాలు.

ఆ ఒప్పందాలు గుర్తుచేసేది ఇంకోటి ఉంది. లూయిస్ స్థావరం కోసం 1917-18లో నిస్క్వాలీల రిజర్వేషన్ భూమిలో సుమారు మూడింట రెండు వంతులు బలవంతంగా తీసుకున్నారు. మక్ క్రీక్ పక్కన ఇళ్లున్నవాళ్లను ఖాళీ చేయించారు. కాబట్టి సైన్యం ప్రకృతిని కాపాడింది అనడానికి అక్కడ నోరు రాదు. చేపను బాగుచేయడం ఆ అన్యాయాన్ని చెరిపేయదు, దానికి పరిహారమని చెప్పుకోవడం ఇంకా తప్పు. అయినా తెగ అదే సైన్యంతో కలిసి వాగులో దిగిందంటే, వాళ్లకు సాల్మన్ ఎంత ముఖ్యమో సైన్యం ఏమనుకుంటుందన్నది అంత ముఖ్యం కాదన్నమాట. రోడ్డు వాదానికి మరో హద్దు విషాలు. విమాన స్థావరాల్లో మంటలార్పే నురుగులో వాడిన, ఏళ్లు గడిచినా విరగని రసాయనాలు ఎన్నో చోట్ల భూగర్భ జలాల్లో చేరాయి. ఊట మీద బతికే వాగుకు ఇది పైనుంచి దిగే ఇసుక కంటే పెద్ద ముప్పు కావచ్చు, రోడ్డు బాగుచేసినంత మాత్రాన అది పోదు.

మన వైపు ఈ ప్రశ్న కొత్తగా తలుపు తడుతోంది. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళ రేడియో సంకేతాల కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అది శిక్షణ భూమి కాదు, బాంబులు పడవు. కానీ మూసీ పుట్టే అనంతగిరి కొండల ప్రాంతం అది. అక్కడ వాదనంతా ఎన్ని చెట్లు కొడతారు, ఎన్ని నాటుతారు అన్న దాని చుట్టూ తిరిగింది. కొత్త రోడ్లు ఎన్ని వాగులు దాటుతాయి, దాటే చోట గొట్టమా వంతెనా, గట్టి మట్టి ఎక్కడ తవ్వుతారు, తవ్విన గుంతను ఎవరు పూడుస్తారు అన్న ప్రశ్నలు అంతగా వినబడలేదు. ఎగ్లిన్ అనుభవం ప్రకారం చూస్తే ముందు అడగాల్సినవి అవే, కట్టకముందు అడిగితే ఖర్చు కూడా తక్కువ.

ఎగ్లిన్‌లోనూ కథ ముగియలేదు. జాబితా నుంచి తీసేసిన జీవిని కనీసం ఐదేళ్లు గమనించాలని చట్టం చెబుతుంది. చట్టం పట్టు పోయాక మిగిలేది స్థావరం ప్రణాళిక, రోడ్ల నిర్వహణకు ఏటేటా దొరికే డబ్బు. ఆ డబ్బు కోత పడితే మొదట తెలిసేది చేపల లెక్కలో కాదు. రోడ్డు పక్కన నీళ్లు మళ్లించే చిన్న గట్లు అరిగిపోతాయి, రెండు మూడు వానాకాలాలకు కోత మళ్లీ తెరుచుకుంటుంది, చేపలు తగ్గడం కనపడేది ఆ తరవాత ఎప్పుడో. వాగుల దిగువ కొసలు నైస్‌విల్ లాంటి ఊళ్ల మీదుగా పోతాయి, అక్కడ కంచె లేదు, ఊళ్లు పెరుగుతున్నాయి. ఊటలకు ఆధారమైన నేలనీటిని తోడే బోర్లు పెరిగితే వాగు తలల దగ్గరే నీళ్లు సన్నబడతాయి. కాబట్టి గమనించేవాళ్లు గొట్టంతో నీళ్లలో మొహం పెట్టి చేపలు లెక్కపెట్టడంతో పాటు వానాకాలం వెళ్లాక రోడ్ల వెంట నడిచి కోతలు లెక్కపెట్టాలి, ఊటల దగ్గర నీటిమట్టం కొలవాలి.